45 డిగ్రీల ఊళ్లో పాత వైన్ విందు

పారిస్ అబ్జర్వేటరీ కింద 28 మీటర్ల లోతున పాత రాతిగనుల సొరంగాలున్నాయి. 1783లో అక్కడ ఒక థర్మామీటర్ పెట్టారు. పైన మంచు కురిసినా ఎండ కాసినా అది 12 డిగ్రీలకు కాస్త తక్కువే చూపించేది. ఐరోపాలో వైన్‌ను నేలమాళిగలో ఎందుకు దాస్తారో దీన్నిబట్టి తెలుస్తుంది. నేలలో కొన్ని మీటర్లు దిగేసరికి ఎండాకాలం, చలికాలం తేడా దాదాపు చెరిగిపోయి, ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రత మిగులుతుంది. అక్కడ ఆ సగటు 12. మహారాష్ట్రలోని మన నాందేడ్, చంద్రపూర్ జిల్లాల్లో 27 దాకా ఉంటుంది. మన పెద్దలు జొన్నలు పోసిన పాతరలు ఎండిన గింజకు చక్కగా సరిపోయాయి. వైన్‌కు ఆ పాతర కూడా వేడే. కాబట్టి బల్లార్షాలోనో, రాజురాలోనో, ధర్మాబాద్‌లోనో కొందరు స్నేహితులు కలిసి ఏళ్లుగా దాచిన సీసాలు తెరవాలనుకుంటే, ఐరోపా వాళ్ల లెక్కలను మన ఎండకు తగ్గట్టు మళ్లీ వేసుకోవాలి.

ఎర్ర వైన్‌లో కాలంతో మారేది ముఖ్యంగా వగరు. ద్రాక్ష తోలు, గింజల నుంచి దిగే టానిన్లు దానికి మూలం. అవి ఉమ్మిలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి. దాంతో నోట్లో జిగురు పోయి నాలుక బిరుసెక్కుతుంది. కరక్కాయ నమిలినప్పుడు జరిగేదీ ఇదే. సీసాలో ఏళ్ల తరబడి ఈ టానిన్లు ఒకదానితో ఒకటి, రంగునిచ్చే ఆంథోసయనిన్లతోనూ కలిసి గొలుసులు కడతాయి. బరువెక్కినవి మడ్డిగా అడుగుకు దిగుతాయి. పైనున్న వైన్ ఊదా రంగు వదిలి ఇటుక రంగుకు తిరుగుతుంది. తాజా పండు వాసన తగ్గి ఎండుపండ్లు, తోలు, పుట్టగొడుగు, తడిమట్టి వాసనలు పైకి వస్తాయి. మడ్డిలో ఒక్కోసారి మెరిసే పలుకులు కనిపిస్తే గాజు పెంకులని కంగారుపడి పారబోస్తారు. అది పొటాషియం బైటార్ట్రేట్, ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం నుంచి ఏర్పడిన లవణం. మన చింతపండు పులుపూ ఆ ఆమ్లానిదే. దానివల్ల ఏ హానీ లేదు.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెండింతలవుతుందని ఒక మోటు లెక్క. ఆ లెక్కన 12 దగ్గర ఉండాల్సిన సీసా 27 దగ్గర ఉంటే మార్పులు దాదాపు మూడు రెట్లు వేగంగా జరుగుతాయి. పదేళ్ల పాతదనం మూడున్నరేళ్లకే చేతికొస్తుందని దీనికి అర్థం కాదు. అన్ని చర్యలూ ఒకే పాళ్లలో వేగం అందుకోవు. పండు వాసననిచ్చే ఎస్టర్లు ముందే విరిగిపోతాయి, రంగు గోధుమకు తిరుగుతుంది, వగరు మాత్రం మెత్తబడకుండా మిగిలిపోతుంది. అలా పాడైన వైన్ ఉడికిన జామ్ వాసన కొడుతుంది.

వేడి చేసే రెండో పని కంటికి కనిపిస్తుంది. 750 మి.లీ. వైన్ 15 డిగ్రీల నుంచి 40కి వేడెక్కితే ఐదారు మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. కార్కు కింద ఉండే ఖాళీయే దాదాపు అంత. ఒత్తిడికి కార్కు పైకి జరుగుతుంది, పక్కనుంచి వైన్ చెమ్మ ఊరుతుంది. రాత్రి చల్లబడి వైన్ కుంచించుకుంటే ఆ సందులోంచే గాలి లోపలికి పోతుంది. మే నెలలో బస్సు డిక్కీలో ఒక్క పగలు ప్రయాణం చేసిన సీసాకు ఈ దెబ్బ చాలు. కొనడం, తెప్పించుకోవడం నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపే పూర్తిచేయాలి. కొనేటప్పుడు రేకు తొడుగు మీద బొటనవేలితో తడమండి. కార్కు సీసా అంచుకన్నా ఎత్తుగా తగిలినా, తొడుగు కింద జిగట మరక ఉన్నా ఆ సీసా వద్దు.

దాచడానికి అన్ని వైన్లూ పనికిరావు. నాసిక్ నుంచి వచ్చేవాటితో సహా అంగట్లో దొరికే వైన్లలో ఎక్కువభాగం ఒకటి రెండేళ్లలో తాగడానికి చేసినవే. వాటిని దాస్తే ఉన్న పండు వాసన పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఓక్ చెక్క పీపాల్లో ఉంచిన కాబెర్నే సావిన్యాన్, షిరాజ్ ద్రాక్షల రిజర్వ్ వైన్లు, సోలాపూర్ జిల్లా అక్లూజ్ ప్రాంతపు సాంజొవేజే ద్రాక్ష కలిసిన వైన్లు కొన్ని, బయటి దేశాల బోర్డో, బరోలో, రియోహా వంటివి దాచడానికి తగినవి. ద్రాక్షసారా కలిపి చేసే పోర్ట్‌లో ఆల్కహాల్ 20 శాతం దాకా ఉంటుంది, తీపీ ఎక్కువే. అందుకే అది మన వేడికి మిగతావాటికన్నా బాగా ఓర్చుకుంటుంది. లేబుల్ మీది సంవత్సరం చూసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మహారాష్ట్రలో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది, ఐరోపాలో సెప్టెంబర్, అక్టోబర్‌లలో. ఒకే సంవత్సరం వేసిన రెండు సీసాల్లో మనది ఏడెనిమిది నెలలు పెద్దది.

నేల ఇవ్వని చల్లదనం కరెంటుతోనే తెచ్చుకోవాలి. అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. చవగ్గా దొరికే చిన్న వైన్ కూలర్లు చాలావరకు కంప్రెసర్ లేని థర్మోఎలక్ట్రిక్ రకం. చప్పుడు చేయవు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. అవి గది ఉష్ణోగ్రత కన్నా 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. గదిలో 42 ఉంటే లోపల 22కు దిగడమే గగనం. మన జిల్లాల్లో కంప్రెసర్ ఉన్నదే కొనాలి, 13 లేదా 14 దగ్గర పెట్టి వదిలేయాలి. నిండుగా సీసాలున్న పెట్టె తలుపు తెరవకపోతే మూడు నాలుగు గంటల కరెంటు కోతకు పెద్దగా చలించదు, లోపలి వైనే చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది. కూలర్ లేనివాళ్లు ఏప్రిల్ నుంచి జూన్ దాకా మామూలు ఫ్రిజ్ కూరగాయల అరలో పడుకోబెట్టవచ్చు. అక్కడి 4, 5 డిగ్రీలు మార్పును నెమ్మదింపజేస్తాయే తప్ప పాడుచేయవు. ఏళ్ల తరబడి మాత్రం ఫ్రిజ్ పనికిరాదు, పొడిగాలికి కార్కు ఎండుతుంది. కార్కున్న ప్రతి సీసానూ పడుకోబెట్టే ఉంచాలి. వైన్ తగులుతూ ఉంటేనే కార్కు తడిగా, ఉబ్బి, సందు లేకుండా ఉంటుంది.

విందుకు డిసెంబర్, జనవరి నెలలే మేలు. తెరవబోయే సీసాలను రెండు రోజుల ముందు నిలబెట్టాలి. మడ్డి అడుగుకు చేరడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఎర్ర వైన్ 16 నుంచి 18 డిగ్రీల దగ్గర పోయాలి. గది వేడిలో పోయాలన్న మాట చలిదేశపు గదులను చూసి అన్నది. 30 డిగ్రీల వైన్‌లో ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొట్టి మిగతా వాసనలన్నిటినీ కప్పేస్తుంది. బయటే ఉన్న సీసాను ఫ్రిజ్‌లో గంటన్నర ఉంచినా, ఐసు, నీళ్లు కలిపిన బకెట్లో పావుగంట నిలబెట్టినా సరిపోతుంది. ఉత్త ఐసు ముక్కలు సీసాను అక్కడక్కడే తాకుతాయి, నీళ్లు పోస్తేనే చల్లదనం చుట్టూ అంటుతుంది.

పాత కార్కు తీయడం ఓపిక పని. రేకు తొడుగును సీసా పెదవికి కిందుగా కోసి, నోరు తడిగుడ్డతో తుడవాలి. పదిహేనేళ్లు దాటిన కార్కు మధ్యలో మెత్తబడి ఉంటుంది, మామూలు స్క్రూ దిగగానే పొడిపొడిగా రాలుతుంది. రెండు పలచటి రేకులుండే ఓపెనర్ దీనికి మంచిది. పొడవు రేకును ముందు కార్కుకూ గాజుకూ మధ్య దూర్చి, రెండోదాన్ని ఎదురువైపు పెట్టి, అటూఇటూ కొద్దికొద్దిగా ఊపుతూ దించాలి. తర్వాత తిప్పుతూ పైకి లాగాలి. సూటిగా కిందికి నొక్కితే కార్కు వైన్‌లో పడుతుంది. పడినా కొంప మునగదు. సబ్బు తగలకుండా వేడినీళ్లలో ఉడికించి ఆరేసిన పలచటి మల్లు గుడ్డలో వడగట్టుకుంటే చాలు.

ఇక వంపడం. సీసా మెడ కింద ఫోన్ టార్చి వెలిగించి పెట్టండి. ఒక చేత్తో గాజు కూజా, మరో చేత్తో సీసా పట్టుకుని, మధ్యలో ఆపకుండా ఒకే ధారగా వంపాలి. ఆపి మళ్లీ మొదలుపెడితే సీసాలో వైన్ వెనక్కి ఊగి మడ్డి లేస్తుంది. ముప్పావు వంతు దాకా టార్చి వెలుగు మెడలోంచి ఎర్రగా, తేటగా కనిపిస్తుంది. ఆ తర్వాత సీసా భుజం దగ్గర సన్నటి పొగలా ఒక తీగ కదులుతుంది. ఆ తీగ మెడలోకి రాగానే ఆపేయాలి. అడుగున 20, 30 మి.లీ. మిగులుతుంది. దాన్నీ పోయాలని ఆశపడితే కూజా మొత్తం చేదెక్కుతుంది. ఐదారేళ్ల వయసున్న గట్టి వైన్ అయితే కూజాలో గంటసేపు గాలి తగలనివ్వొచ్చు. ఇరవై ఏళ్లది అతిథులు కూర్చున్నాకే వంపాలి. దానిలో మిగిలిన వాసనలు తక్కువ, అరగంటలోనే ఎగిరిపోవచ్చు.

గ్లాసుల్లో పోసేముందు ఇంటివాళ్లు వాసన చూడాలి. తడిసిన గోనెసంచి, ముక్కిన బియ్యం వాసన వస్తే కార్కులోంచి 2,4,6-ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం దిగిందన్నమాట. లీటరుకు గ్రాములో వందకోట్లవ వంతు కొద్ది పాళ్లున్నా ముక్కు పసిగడుతుంది. అంతకన్నా తక్కువగా ఉంటే వాసన తెలియకుండానే పండు వాసనను అణిచేస్తుంది. ఎంతసేపు గాలిలో ఉంచినా అది పోదు, సీసాను పక్కన పెట్టేయడమే. అగ్గిపుల్ల, గంధకం వాసన వస్తే మాత్రం తొందరపడకండి, పది నిమిషాలు గ్లాసు తిప్పితే పోతుంది. సిర్కా, గోళ్లరంగు తుడిచే ద్రవం వాసన ఉంటే బ్యాక్టీరియా పనిచేసినట్టు, దానికి మందు లేదు. ఏ సీసా ఎలా ఉంటుందో తెరిచేదాకా ఎవరూ చెప్పలేరు కాబట్టి, నాలుగు తెరవాలనుకున్నప్పుడు ఐదోది సిద్ధంగా పెట్టుకోవడం మర్యాద. తెచ్చిన మిత్రుడు చిన్నబోకుండా ఉంటాడు.

కొత్తవి ముందు, పాతవి తర్వాత పోయడం పాత రివాజు. కారం తినే మన బల్లల దగ్గర దీన్ని తిరగేయాలని మా అభిప్రాయం. నోట్లో వేడిని గుర్తించే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం మామూలుగా 42, 43 డిగ్రీల దగ్గర మేల్కొంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ దాన్ని నేరుగా తట్టిలేపుతుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఆల్కహాల్ ఆ మెట్టును 34 దాకా దించేస్తుంది. అంటే ఒంటి వేడే నోటికి మంటగా తోస్తుంది. ధర్మాబాద్ కారంపొడి పడిన మటన్ కూర మీద 14 శాతం ఎర్ర వైన్ తాగితే మంట, చేదు తప్ప ఇరవై ఏళ్ల కష్టం నాలుకకు అందదు. అందుకే పాత సీసా కూరకు ముందే రావాలి. పక్కన నెయ్యి రాసిన జొన్నరొట్టె ముక్కలు, ఉప్పు, అల్లం, వెల్లుల్లితో మిరప లేకుండా మెత్తగా ఉడికించిన మటన్, పొట్టు తీసిన వేయించిన పల్లీలు చాలు. పల్లీ పొట్టులోనూ టానిన్లున్నాయి, తీయకపోతే వగరు రెట్టింపవుతుంది. ఉప్పు చేదును తగ్గిస్తుంది, మాంసంలోని ప్రోటీనూ కొవ్వూ టానిన్లను పట్టుకుంటాయి. పచ్చి పులుసు పక్కన ఏ ఎర్ర వైనూ నిలవదు, పులుసు పులుపు ముందు వైన్ చప్పబడుతుంది. అసలు భోజనానికి చల్లటి, కాస్త తియ్యటి షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ పెట్టుకోండి. తీపి మంటను తగ్గిస్తుంది, అలాంటి సీసాలు నాసిక్‌వి బాగానే దొరుకుతాయి.

ఆ గంటసేపు గదిలో అగరొత్తులు, సాంబ్రాణి, మల్లెపూలు వద్దు. తాలింపు ఘాటు వంటింట్లోనే ఆగాలి. గ్లాసులు ముందురోజే కడిగి, సబ్బు వాసన లేకుండా ఆరబెట్టి ఉంచాలి.

లెక్క ఇది. మడ్డి పోగా సీసాకు 720 మి.లీ. అనుకుంటే ఎనిమిది మందికి తలా 90. నాలుగు సీసాలూ అలాగే పోస్తే తలా 360 మి.లీ., 13 శాతం లెక్కన 37 గ్రాముల ఆల్కహాల్. అది ఎక్కువ. పన్నెండు మందిని పిలిచి తలా 60 పోస్తే 25 గ్రాములకు దిగుతుంది, వాసన చూసి మాట్లాడుకోవడానికి 60 మి.లీ. చాలు. ఆల్కహాల్ ఏ కొంచెమైనా ఆరోగ్యానికి క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ఒక్కొక్కరి ముందు నీళ్ల గ్లాసు, వైన్ వద్దనుకుంటే ఉమ్మడానికి ఒక గిన్నె పెట్టడంలో తప్పేమీ లేదు. బండి నడిపేవాళ్లకు రక్తంలో 100 మి.లీ.కు 30 మిల్లీగ్రాములు చట్టం పెట్టిన హద్దు, రెండు గ్లాసులకే దాన్ని దాటొచ్చు. వాళ్లు ఆ రాత్రి అక్కడే పడుకోవాలి.

చంద్రపూర్ జిల్లాలో 2015లో వచ్చిన మద్యనిషేధం 2021లో తొలగింది. గడ్చిరోలిలో 1993 నుంచి ఉంది. ఆ జిల్లాలోని సిరొంచ మిత్రులు బల్లార్షా వచ్చి తాగొచ్చు కానీ మిగిలిన సీసా చేతపట్టుకుని వెళ్లకూడదు. మహారాష్ట్రలో తాగేవాళ్లకు పర్మిట్ కూడా ఉండాలి. తెలంగాణ నుంచి సీసా తెచ్చేవాళ్లు హద్దు దాటకముందే ఎక్సైజ్ నియమాలు అడిగి తెలుసుకోవాలి.

మిగిలిన వైన్‌ను శుభ్రమైన చిన్న సీసాలో అంచుదాకా నింపి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొత్త వైన్ రెండు రోజులు నిలుస్తుంది. పాతది తెల్లారేసరికే నీరసిస్తుంది కాబట్టి దాన్ని ఆ రాత్రే పంచేయాలి. కూజా అడుగున పట్టిన ఎర్ర మరకకు సబ్బు వాడొద్దు. గుప్పెడు బియ్యం, కాసిని గోరువెచ్చటి నీళ్లు పోసి గిరగిరా తిప్పితే పోతుంది.