ఎర్రని వెలుగుకు నల్లని బిరడా

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. కొత్త కంప్యూటర్ వెనుక ఒక రంధ్రంలో నల్లటి ప్లాస్టిక్ ముక్క ఇరుక్కుపోయిందని, అది విరిగిన భాగమేమోనని కంగారుపడుతూ రాశారు. మీరు పంపిన ఫోటో చూశాను. ఏమీ విరగలేదు. అది సీసాకు ఉండే బిరడా లాంటిది. కంప్యూటర్ భాగాలన్నిటినీ కలిపే పెద్ద పలకను, అంటే మదర్‌బోర్డును, తయారుచేసినవాళ్లే కావాలని దాన్ని అక్కడ బిగించారు. తొందరపడి లాగి పారేయకుండా నన్ను అడిగినందుకు నాకు చాలా సంతోషం.

ఆ బిరడా వెనుక ఉన్నది ఆప్టికల్ ఆడియో పోర్టు, అంటే శబ్దాన్ని వెలుతురుగా మార్చి బయటి స్పీకర్ల వంటి పరికరాలకు పంపే రంధ్రం. దాని పక్కనున్న మిగతా రంధ్రాలలో కరెంటు సంకేతాలు నడుస్తాయి. ఇందులో మాత్రం వెలుతురు నడుస్తుంది. లోపల చిన్న ఎర్రని ఎల్‌ఈడీ దీపం ఉంటుంది. పాటను కంప్యూటర్ అంకెలుగా మారుస్తుందని మీకు తెలుసు కదా. సీడీలోని పాటైతే ఒక్కొక్క చెవికి సెకనుకు 44,100 అంకెలు. వాటన్నిటినీ ఆ దీపం ఆరుతూ వెలుగుతూ చెబుతుంది. సెకనుకు లక్షల సార్లు మిణుకుమంటుంది కాబట్టి మన కంటికి నిలకడగా వెలుగుతున్నట్టే కనబడుతుంది. ఈ పద్ధతిని తోషిబా సంస్థ 1983లో తెచ్చింది. అందుకే తోషిబా పేరులోని ముక్కతో దీన్ని టాస్‌లింక్ అంటారు.

కేబుల్ లోపల రాగితీగ ఉండదు. సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ పోగు ఉంటుంది. వెలుతురు దాని గోడలకు తగిలి లోపలికే మళ్లుతూ అవతలి కొసదాకా చేరుతుంది. రెండు పరికరాలను కరెంటు తీగ కలపదు కాబట్టి, కొన్నిసార్లు స్పీకర్లలో వినిపించే ఆ గుయ్యిమనే రొద ఈ దారిన రాలేదు. నాకు ఈ పోర్టు మీద అంత ఇష్టం అందుకే. అయితే దీని దారి ఇరుకు. ఎడమ, కుడి అనే రెండు చానళ్ల శబ్దాన్నీ, కుదించిన 5.1 శబ్దాన్నీ (ఆరు స్పీకర్లకు వెళ్లేది) మోస్తుంది, అంతకంటే పెద్ద బరువులు బొమ్మనూ శబ్దాన్నీ కలిపి మోసే హెచ్‌డీఎంఐ కేబుల్‌కి వదిలేయాలి.

ఇక బిరడా సంగతి. కరెంటు పోర్టులో కాస్త దుమ్ము పడినా లోహం లోహాన్ని తాకితే పని జరిగిపోతుంది. వెలుతురుకు అలా కుదరదు. దీపం ముందు దుమ్ము పేరుకుంటే సంకేతం మసకబారుతుంది, పాట తెగి తెగి వస్తుంది. పైగా కంప్యూటర్ లోపలి ఫ్యాన్లు ఎప్పుడూ గాలిని, దాంతోపాటు దుమ్మునూ తిప్పుతూనే ఉంటాయి. కొన్ని పోర్టులకు బిరడాకు బదులు స్ప్రింగుతో మూసుకునే చిన్న తలుపు ఉంటుంది. రెండింటి పనీ ఒకటే.

కేబుల్ పెట్టాలంటే బిరడాను అటూ ఇటూ తిప్పకుండా తిన్నగా బయటకు లాగండి. పోర్టు నలుచదరంగా ఉన్నా రెండు మూలలు కోసినట్టుంటాయి, కేబుల్ ఒక్క వైపుగానే దూరుతుంది. బలవంతం చేయవద్దు. కేబుల్ కొసలకు కూడా పారదర్శకమైన చిన్న తొడుగులుంటాయి. ఒకసారి నేను వాటిని గమనించక అలాగే నెట్టి, శబ్దం రాకపోతే కేబుల్ పాడైందని ఒక పూటంతా బాధపడ్డాను. మీరు ముందే తీసి, బిరడాతో కలిపి ఒక డబ్బాలో దాచండి. కేబుల్ తీసేసిన రోజున అన్నీ మళ్లీ వాటి చోట్లకు వెళ్లాలి. పోర్టులో దుమ్ము కనబడితే పిన్నీసు గాని తడిగుడ్డ గాని పెట్టకండి. కంప్యూటర్ ఆపి, గాలి ఊదే రబ్బరు బుడ్డితో మెల్లగా ఊదండి. కేబుల్‌ను మడత పెట్టకండి, గుండ్రంగా చుట్టండి.

ఒక చిన్న ప్రయోగం చేయండి. కేబుల్ ఒక కొసను పోర్టులో పెట్టి, రెండో కొసను తెల్ల కాగితం దగ్గర పట్టుకోండి. ఎర్రని చుక్క పడుతుంది. అది లేజర్ కాదు, అయినా దాన్ని నేరుగా కంట్లోకి పెట్టుకోవద్దు, కాగితం మీదే చూడండి. ఆ తర్వాత మీ టీవీ వెనుక కూడా వెతకండి. అక్కడున్న పోర్టుకు బిరడా ఉందో, తలుపు ఉందో నాకు రాయండి.

ప్రేమతో,
తాతయ్య