రాతి మీద బిరుదు: దివంగత నాయకుల గౌరవాలపై అపోహలు, వాస్తవాలు

కోనసీమలో కాలువ గట్ల మీదా, ఊరి సెంటర్లలోనూ నిలిపే విగ్రహాల దిమ్మెలకు నల్లరాతి ఫలకాలు చెక్కడం నా వృత్తి. దివంగత నాయకుల పేర్లతో నా దగ్గరకు వచ్చే కాగితాల్లో బిరుదుల విషయంలో కొన్ని పొరపాట్లు పదేపదే కనిపిస్తాయి.

అపోహ: భారతరత్న పొందిన నాయకుడి పేరుకు ముందు ఆ మాట తప్పక చెక్కించాలి.

వాస్తవం: సైనిక, విద్యాసంబంధ గౌరవాలు మినహా ప్రభుత్వం ఎవరికీ బిరుదులు ఇవ్వరాదని రాజ్యాంగంలోని 18వ అధికరణం చెబుతోంది. భారతరత్న, పద్మ పురస్కారాలు అటువంటి బిరుదులు కావని, అయితే గ్రహీతలు వాటిని పేరుకు ముందుగాని వెనుకగాని తగిలించుకోరాదని సుప్రీంకోర్టు 1995లో తేల్చిచెప్పింది. కాలం చేసిన మనిషి ఈ నియమాన్ని మీరేదేముందని కొందరు అడుగుతారు. ప్రశ్న సబబైనదే, కానీ ఆయన జీవించి ఉంటే పాటించే మర్యాదను ఆయన విగ్రహం కిందే మనం మీరడం నాకు సమ్మతం కాదు. అందుకే పేరును పెద్ద అక్షరాలతో చెక్కి, కింది వరుసలో చిన్నగా ‘భారతరత్న పురస్కార గ్రహీత (మరణానంతరం), 1990’ అని వేస్తాను. అంబేడ్కర్ ఫలకానికి సరైన వరుస అదే. ఒకసారి కాగితంలో ఉన్నట్టే పేరుకు ముందు ‘భారతరత్న’ అని చెక్కాను. ఆవిష్కరణకు ముందురోజు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు అభ్యంతరం చెప్పారు. రాయిని ఎంత అరగదీసి మెరుగు పెట్టినా, బంగారు రంగు నింపిన ఆ ఐదు అక్షరాల చోట పల్లం కనబడుతూనే ఉండటంతో, రాత్రికి రాత్రి పలకనే మార్చవలసి వచ్చింది.

అపోహ: అంబేడ్కర్ పేరులోని ‘డాక్టర్’ మరణానంతరం గౌరవంగా ఇచ్చినది.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. 1923లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డీఎస్సీ (డాక్టర్ ఆఫ్ సైన్స్), 1927లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ ఆయన చదివి, పరిశోధించి సాధించినవి. కొలంబియా 1952లో, ఉస్మానియా 1953లో ఇచ్చిన గౌరవ డాక్టరేట్లు సైతం ఆయన జీవించి ఉండగా వచ్చినవే. 2022లో ఏర్పడిన మా జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఆ పేరు చెక్కేటప్పుడు ‘డాక్టర్’ను చోటు చాలలేదని వదిలేయడం తగదు.

అపోహ: భారతరత్నను మరణానంతరం ఇవ్వడం మొదటి నుంచీ ఉంది.

వాస్తవం: 1954 నాటి నిబంధనల్లో లేదు, 1955లో చేర్చారు. తొలిసారి 1966లో లాల్ బహదూర్ శాస్త్రికి ఇచ్చారు. కుటుంబానికి అందేది రాష్ట్రపతి సంతకం చేసిన సనదు (ధ్రువపత్రం), పతకం మాత్రమే; నగదు ఉండదు.

అపోహ: ఆంధ్రకేసరి, అమరజీవి ప్రభుత్వ బిరుదులు.

వాస్తవం: అవి జనం నోట పుట్టినవి. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌ను వ్యతిరేకిస్తూ తుపాకులకు రొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశాన్ని బతికి ఉండగానే ఆంధ్రకేసరి అన్నారు. ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్షలో 1952 డిసెంబరులో అసువులు బాసిన పొట్టి శ్రీరాములును అమరజీవి అన్నారు. 18వ అధికరణం కట్టడి చేసేది ప్రభుత్వాన్నే గాని ప్రజల అభిమానాన్ని కాదు కనుక, వీటిని పేరుకు ముందే నిండుగా చెక్కుతాను. అయితే ‘కీర్తిశేషులు అమరజీవి’ అని రాసి తెచ్చినప్పుడు, కీర్తి మాత్రమే మిగిలినవారని ఒక మాట, మరణం లేనివారని మరొక మాట చెబుతున్నాయని వివరించి, మొదటిదాన్ని తీసేయిస్తాను.