రానని చెప్పకుండా రాననడం

చిన్నా, బుజ్జీ,

తాతయ్య దీవెనలు. మొన్న వీడియో కాల్లో బుజ్జి మొహం వేలాడేసుకుని చెప్పిన సంగతి ఇంకా నా బుర్రలోనే తిరుగుతోంది. పుట్టినరోజుకి క్లాసులో పిల్లని పిలిస్తే, వాళ్ళమ్మ "వీడ్ లవ్ టు, బట్ వి మైట్ బి అవే దట్ వీకెండ్" అందట. "అయితే వీలుంటే వస్తారన్నమాట" అని మీ అమ్మ ఒక ప్లేటూ, ఒక రిటర్న్ గిఫ్టూ పక్కన పెట్టింది. కేకు కోసేదాకా బుజ్జి తలుపు వైపే చూసింది. ఇందులో మీ అమ్మ తప్పూ లేదు, ఆవిడ తప్పూ లేదు. ఆవిడ రామని చెప్పేసింది. మీకు వినపడలేదు, అంతే.

నాకూ ఒకసారి అలాగే వినపడలేదు. 1991లో విశాఖలో ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమస్తాగా చేరిన కొత్త. ఇనుప ఖనిజం ఎక్కించుకునే ఓడలకి కాగితాలు టైపు చేయడం నా పని. ఒక ఇంగ్లీషు కెప్టెను నేనిచ్చిన బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడకెక్కించిన సరుకు రసీదు, తిరగేసి, కళ్ళజోడు మీదుగా నన్ను చూస్తూ "యు మైట్ వాంట్ టు లుక్ ఎట్ ది సెకండ్ పేజ్ అగైన్" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే, "తీరికుంటే ఓసారి చూడు నాయనా" అన్నట్టు తోచింది నాకు. భోజనం వేళ. క్యారియర్ విప్పుకున్నాను. రెండో పేజీలో బరువు అంకెలు తారుమారై ఉన్నాయి! సాయంత్రం హెడ్ క్లర్కు పట్టుకునేసరికి ఓడ బయల్దేరే టైమైంది. మళ్ళీ అన్నీ టైపు చేసి, సంతకాల కోసం ఓడ నిచ్చెన మీద పరిగెత్తాను.

"దొర చెప్పాడుగా, ఎందుకు చూళ్ళేదు?" అన్నాడాయన.

"ఇష్టమైతే చూడమన్నాడు కదండీ."

"ఒరేయ్, దొర మైట్ అన్నాడంటే మీ నాన్న కర్ర తీసినట్టు."

ఆ మాట నాకు ఏ గ్రామరు పుస్తకంలోనూ దొరకలేదు. బళ్ళో మాకు చెప్పిందల్లా విల్‌కి భూతకాలం వుడ్, కెన్‌కి కుడ్, మేకి మైట్ అని. రూపం వరకూ నిజమే. కానీ ఇంగ్లీషువాళ్ళు వాటిని ఇవాళ్టి సంగతికీ, రేపటి సంగతికీ వాడతారు. నిన్నటి చొక్కా తొడిగేసరికి మాట రెండడుగులు వెనక్కి జరిగి నిలబడుతుంది. మనకిది కొత్తేం కాదు. చేబదులుకి వచ్చినాయన గుమ్మంలోనే "డబ్బివ్వండి" అంటాడా? "మిమ్మల్నో మాట అడుగుదామనుకున్నానండీ" అంటాడు. అడిగేది ఇప్పుడే, అనుకున్నది మాత్రం ఎప్పుడో!

కాదనేటప్పుడు మాత్రం మనదో దారి, వాళ్ళదో దారి. మనం మనిషినే మాయం చేసేస్తాం. "కుదరదండీ", "వీలుపడట్లేదు", "ఈ నెల చేతిలో ఆడట్లేదు". ఎవరికి కుదరదు, ఏది కుదరదు అని ఎవరూ అడగరు. నేను రానన్నానా? లేదే, అదే కుదరలేదు. ఇంగ్లీషులో వాక్యం ముందు ఎవరో ఒకరు నిలబడాలి, ఆ "ఐ" మామూలుగా తప్పదు. తను తప్పుకోలేడు కాబట్టి క్రియని తప్పిస్తాడు. "ఐడ్ లవ్ టు" అన్న మనిషికి రావాలనే ఉంది, కాకపోతే ఆ రావడం వేరే ఏదో లోకంలో. ఈ లోకంలో, ఈ శనివారం, రాడు. వుడ్ వినపడితే వెనకాల బట్ వస్తుందేమో చెవి ఒగ్గి ఉంచండి. ఒక్కోసారి అదీ ఉండదు. "దట్ వుడ్ హావ్ బీన్ లవ్‌లీ" అంటే ఇక ఎదురుచూడక్కర్లేదు.

మనం "రాను"ని ఉన్నదున్నట్టు "ఐ వోంట్ కమ్" అనేస్తాం. విల్‌కి పాత అర్థం కోరుకోవడం. అందుకే కాబోలు, వోంట్‌లో "నాకిష్టం లేదు, పో" అనే వాసన ఇంకా పోలేదు. "ఇవ్వను"కీ "ఇవ్వలేను"కీ మనకెంత తేడానో, వోంట్‌కీ కాంట్‌కీ అంత. "అయామ్ అఫ్రెయిడ్ ఐ కాంట్" అనండి. అందులో భయమేం లేదు, కంగారుపడకండి.

మీ నాన్నకి కూడా ఓ మాట చెప్పండి. ఆఫీసు మెయిల్లో "ఐ వుడ్ బి కమింగ్ టుమారో" అని రాస్తాడు, నేను చూశాను. మర్యాద అనుకుని మనవాళ్ళంతా రాసేదే. అవతల చదివేవాడికి అది "రేపు వచ్చేవాణ్ణే..." అని సగంలో ఆగినట్టుంటుంది. వచ్చేవాడివే గానీ, ఏమైందయ్యా అనుకుంటాడు. నిజంగా వచ్చేట్టయితే విల్ చాలు.

మర్యాద ఎప్పుడూ మెత్తదనంలోనే ఉండదు. అతిథికి కేకు పెడుతూ "యు మే హావ్ అనదర్ పీస్" అంటే పిసినారి పెట్టినట్టుంటుంది. "యు మస్ట్" అనాలి, మన "ఇంకోటి తినాల్సిందే"లాగా. టీచర్ని "కుడ్ ఐ గో అవుట్?" అని అడిగితే ఆవిడ "యెస్, యు కెన్" అంటుందే తప్ప "యు కుడ్" అనదు. అడిగేవాడు నసగొచ్చు, ఇచ్చేవాళ్ళు నసగకూడదు. ఇక "ఐ వుడ్న్ట్ మైండ్ ఎ కప్ ఆఫ్ టీ" అన్నాయనకి టీ వద్దనుకుని కూర్చోబెట్టకండి పాపం, అడుగుతున్నాడు.

చిన్నా, నువ్వడిగిన స్పెల్లింగు సంగతి. కుడ్‌లో ఎల్ అసలుది కాదు. వుడ్‌లో, షుడ్‌లో ఉందని చూసి, తర్వాతి కాలంలో దీనికీ తగిలించారు. అందుకే పలకదు. కెన్‌కి మొదటి అర్థం తెలియడం. మనం "నాకు ఈత వచ్చు" అంటాం, "నువ్వు వెళ్ళొచ్చు" అనీ అంటాం. విద్య రావడానికీ, వీలవడానికీ ఒకే మాట. వాళ్ళ కెన్ కూడా అలా రెండు పనులూ చేస్తోంది.

ప్రాణస్నేహితుల మధ్య ఈ గొడవంతా ఉండదు. "నో, కాంట్, సారీ" అని పారిపోతారు. బుజ్జీ, నీకా పిల్ల అలా చెప్పే రోజు వస్తే సంతోషించు.

ఆ రిటర్న్ గిఫ్టు ఇంకా మీ ఫ్రిజ్ మీదే ఉందని మీ అమ్మ చెప్పింది. సోమవారం బడి దగ్గర ఇచ్చెయ్. వాళ్ళమ్మ "ఓ, యు షుడ్న్ట్ హావ్!" అంటుంది. ఇవ్వకుండా ఉండాల్సిందనుకుని వెనక్కి తెచ్చేసుకునేవు.

మీ
తాతయ్య