తొట్టిలో చేపను చెరువులో వదలొచ్చా?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

అద్దాల తొట్టిలో నాచు గీక్కుతినే సక్కర్ చేప జానెడు దాటింది, ఊరి చెరువులో వదిలేద్దామా అని అడిగారు. వద్దు నాయనా. కొన్న దుకాణంలోనే తిరిగి ఇచ్చెయ్యండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకివ్వండి. అది దక్షిణ అమెరికా చేప. చెరువులో ఒకసారి పిల్లలు పెట్టిందంటే మళ్లీ ఏరెయ్యడం ఎవరి తరమూ కాదు. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో తెలియాలంటే ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు సంగతి వినాలి.

కెన్యా, ఉగాండా, టాంజానియాల నడుమ 68 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న నీరది. అందులో సిక్లిడ్ జాతి చిన్న చేపలు 500 రకాలకు పైగా ఉండేవి. కెన్యా ఒడ్డున వాటిని ఫులు అంటారు. అక్కడ పెళ్లింట్లో లాగా ఎవరి పని వారిది. ఒకరు కూరలు తరిగితే, ఒకరు నీళ్లు తోడతారు, ఒకరు గంగాళాలు తోముతారు, ఒకరు ఎంగిలాకులు తీస్తారు. ఫులు చేపల్లోనూ ఒకటి నాచు గీకేది, ఒకటి నత్తల్ని నమిలేది, ఒకటి అడుగున కుళ్లిన చెత్త తినేది. ఎంగిలాకులు తీసేవాళ్లు లేచిపోతే ఆ పందిట్లో సాయంత్రానికి నిలబడగలమా?

చిన్న చేపకు ధర లేదని, వాటిని తిని పెరిగే పెద్ద చేప అయితే లాభమని తలచి 1950లు, 60లలో నైలు పెర్చ్‌ను తెచ్చి వదిలారు. అది నైలు నదిదే. కానీ దారిలో మర్చిసన్ జలపాతం ఎక్కలేక అన్నేళ్లూ ఈ సరస్సుకు చేరలేదు. మనిషి పొడవును మించి, 200 కిలోల దాకా పెరుగుతుంది. లక్షల్లో గుడ్లు పెడుతుంది. ఫులు తల్లి మాత్రం కొద్దిపాటి గుడ్లను నోట్లో దాచుకుని, అవి పిల్లలై ఈదేదాకా తిండి మానేస్తుంది. ఈ లెక్కలో ఎవరు గెలుస్తారు?

1970లలో అడుగు వలల్లో పడే చేపల బరువులో దాదాపు 80 శాతం ఫులు చేపలే. 1980లు గడిచేసరికి చాలాచోట్ల అవి కనబడకుండా పోయాయి. సుమారు 200 రకాలు శాశ్వతంగా పోయాయని అంచనా. పొలాల ఎరువులు, కొట్టుకొచ్చిన మట్టి నాచును పెంచాయి, దాన్ని తినేవి తగ్గాయి. చచ్చిన నాచు అడుగున కుళ్లి ప్రాణవాయువును లాగేసింది. నీరు మసకబారింది. రంగు చూసి జోడీని ఎంచుకునే చేపలు తమ జాతివేవో పోల్చుకోలేక కలగలిసిపోయాయి.

పెర్చ్ వల్ల ఎగుమతులు పెరిగాయి, ఎందరికో కూలీ దొరికింది. అది నిజమే. అయితే ఫులును ఎండబెడితే చాలు, కొవ్వు ఎక్కువున్న పెర్చ్‌ను పొగబెట్టాలి. దానికి కట్టెలు కావాలి, ఒడ్డు చెట్లు నరికారు. వెండిలా మెరిసే దగా అనే చిరుచేప మాత్రం తట్టుకుని నిలిచింది. 1990లలో పెర్చ్‌ను ఎక్కువగా పట్టాక కొన్ని ఫులు రకాలూ తిరిగొచ్చాయి. అన్నీ కాదు.

ఈ ఆదివారం పెద్దవాళ్లను వెంటబెట్టుకుని చెరువు గట్టుకు వెళ్లండి. వల ఎత్తిన జాలరిని అడిగి, పరిగెల నోళ్లు చూడండి. నోరు పైకి తిరిగి ఉంటే అది నీటిపైన తినేది, కిందికి ఉంటే అడుగున వెతుక్కునేది. ఎన్ని రకాల నోళ్లు కనిపించాయో బొమ్మలు గీసి నాకు పంపండి.

మీ తాతయ్య