అద్దె ఇంటికి డ్రయర్: కొనేముందు నాలుగు లెక్కలు

ప్రియమైన పిల్లలకు,

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో మీరు నలుగురూ కలిసి తీసుకున్న ఇంటికి ఏ డ్రయర్ కొనాలో చెప్పమన్నారు. బడ్జెట్ మూడొందల పౌండ్లు, అగ్రిమెంటు ఏడాది అన్నారు. ఆ ఏడాది అన్న మాటే నన్ను ఆపింది. అది తేలకుండా మిషన్ల సంగతి మాట్లాడి లాభం లేదు.

ముందు ఇంట్లో ఉన్న వాషింగ్ మిషన్ని ఒకసారి సరిగ్గా చూడండి. ఇక్కడి అద్దె ఇళ్లలో చాలాచోట్ల ఉతికేదీ ఆరబెట్టేదీ ఒకే మిషన్‌గా ఉంటుంది. మీది అదే అయితే ఇంకోటి కొనక్కర్లేదు. కాకపోతే ఎనిమిది కిలోలు ఉతికే మిషన్ ఐదు కిలోలే ఆరబెడుతుంది, కాబట్టి నిండా ఉతికాక మూడు కిలోల బట్టలు బయటికి తీయాలి. చాలామంది అలా తీయకుండా, మిషన్ పనిచేయట్లేదని తిట్టుకుంటుంటారు.

విడిగా డ్రయర్ కొనాలంటే మూడు రకాలున్నాయి. గొట్టంతో తడి గాలిని బయటికి వదిలే వెంటెడ్ రకం అన్నిటికంటే చవక. దానికి గోడకు కన్నం పెట్టాలి, ల్యాండ్‌లార్డ్ ఒప్పుకోడు. గొట్టాన్ని కిటికీలోంచి వేలాడదీస్తే జనవరి చలంతా ఇంట్లోకి వస్తుంది. అది మీకు వద్దు.

రెండోది కండెన్సర్. నీటిని లోపలి ట్యాంకులో పడుతుంది, గొట్టం అక్కర్లేదు. మూడోది హీట్ పంప్. ఇందులో మన ఫ్రిజ్‌లో ఉండే ఏర్పాటే ఉంటుంది. బట్టల్లోంచి వచ్చిన తడి గాలి చల్లటి గొట్టాలను తాకి నీరు వదిలేస్తుంది, ఆ తర్వాత వేడి గొట్టాల మీదుగా మళ్లీ బట్టల్లోకి పోతుంది. వేడిని పారబోయదు కాబట్టి కరెంటు సగం కంటే తక్కువ పడుతుంది. మెల్లగా, తక్కువ వేడితో ఆరబెడుతుంది కనుక బట్టలూ ఎక్కువ కాలం మన్నుతాయి. కానీ చల్లటి గరాజ్‌లో పెడితే సరిగ్గా పనిచేయదు. పడుకోబెట్టి తెస్తే నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే ఆన్ చేయాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. నిండా వేస్తే కండెన్సర్‌కి ఒక్కసారికి నాలుగైదు యూనిట్లు, హీట్ పంప్‌కి రెండు యూనిట్ల దాకా అవుతాయి. యూనిట్ 25 పెన్నీలు అనుకోండి, కండెన్సర్‌కి పౌండు పైన, హీట్ పంప్‌కి యాభై పెన్నీలు. చలికాలం ఆరు నెలల్లో వారానికి నాలుగుసార్లు వేస్తే సుమారు వందసార్లు. అంటే హీట్ పంప్‌తో ఏడాదికి అరవై డెబ్భై పౌండ్లు మిగులుతాయి. కొనేటప్పుడు ధరలో తేడా వంద నూటయాభై ఉంటే, అది తిరిగి రావడానికి దగ్గర దగ్గర రెండేళ్లు పడుతుంది. మీది ఏడాది అగ్రిమెంటు! వెళ్లేటప్పుడు ఎవరికైనా అమ్మగలిగితే సరే, లేకపోతే నష్టమే. షాపులో లేబుల్ చూసేటప్పుడు ఒక చిట్కా: ఏడాది కరెంటు అని రాసిన అంకెను 160తో భాగించండి, సగటున ఒక్కసారికి ఎన్ని యూనిట్లో తెలుస్తుంది. ఆ అంకెను ఏడాదికి 160 సార్లు వాడతారని పెట్టుకుని వేశారు.

అందుకని ఈ ఏడాదికి నా సలహా వేరు. గాలిలో తేమను లాగేసే మిషన్, డీహ్యూమిడిఫైయర్ ఒకటి కొనండి. చిన్న గదిలో స్టాండు మీద బట్టలు ఆరేసి, తలుపు, కిటికీ మూసి దాన్ని ఆన్ చేయండి. రెండొందల వాట్ల రకం ఎనిమిది గంటలు నడిస్తే ఒకటిన్నర యూనిట్‌కి కాస్త ఎక్కువ, అంతే. బట్టలకు రాత్రంతా పట్టవచ్చు, తొందర ఉన్నవాళ్లకు కుదరదు. కానీ గోడల్లో చెమ్మ కూడా లాగేస్తుంది. ఇక్కడ గోడకు బూజు పడితే, మీరే లోపల బట్టలు ఆరేశారని డిపాజిట్‌లో కోత పెట్టే ల్యాండ్‌లార్డులు ఉన్నారు. ఇల్లు మారినప్పుడు చేత్తో పట్టుకుపోవచ్చు. ఇంకోటి, వాషింగ్ మిషన్లో బట్టలు పిండే స్పిన్ వేగం 1400 (నిమిషానికి చుట్లు) పెట్టండి. మిషన్ పిండి తీసిన నీటికి పెద్దగా ఖర్చుండదు, వేడితో తీసే ప్రతి చుక్కకూ ఖర్చే.

లేదు పెద్దమ్మా, డ్రయరే కావాలి అంటే సెకండ్ హ్యాండ్‌ది తీసుకోండి. కానీ మోడల్ నంబర్ చూడకుండా డబ్బు ఇవ్వకండి. 2004 నుంచి 2015 దాకా ఈ దేశంలో అమ్మిన హాట్‌పాయింట్, ఇండెసిట్, క్రెడా, స్వాన్, ప్రోలైన్ డ్రయర్లలో కొన్ని రకాల్లో బట్టల నుంచి రాలి పోగయ్యే నూగుకి నిప్పు అంటుకునే ప్రమాదం ఉందని, 2019లో వర్ల్‌పూల్ కంపెనీ వాటిని వెనక్కి పిలిచింది. 2016 ఆగస్టులో లండన్ షెపర్డ్స్ బుష్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ బ్లాకులో మంటలు మొదలైంది డ్రయర్ నుంచే. పాతవి ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ అనే ధార్మిక సంస్థ దుకాణాల్లో పరీక్షించిన కరెంటు సామాన్లు అమ్ముతారు, తెలియని వాళ్ల దగ్గర కొనేకంటే అది నయం.

ప్లగ్గు గోడ సాకెట్‌కే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకి వద్దు. జాలీలో నూగు ప్రతిసారీ తీయండి. నడుస్తుంటే నిద్రపోకండి, బయటికి వెళ్లకండి. డ్రయర్‌ను వాషింగ్ మిషన్ మీద పెట్టాలంటే, రెండింటినీ కలిపి బిగించే కిట్‌తోనే పెట్టండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా ఇంకో మాట చెప్పాలి. తలకు నూనె పెట్టుకుని చుట్టిన తువ్వాళ్లు, వంటింట్లో నూనె తుడిచిన గుడ్డలు డ్రయర్‌లో వేయకండి. ఉతికినా నూనె కొంత మిగులుతుంది. వేడి బట్టలు ముద్దగా పడి ఉంటే ఆ నూనె తనంతట తానే కాలి మంట లేవగలదు. ఆ కారణంగానే డ్రయర్‌ను మధ్యలో ఆపి బట్టలు అలాగే వదలకూడదు, చివర చల్లబరిచే భాగం పూర్తవనివ్వాలి. అమ్మ ఇచ్చిన పట్టు చీర సంగతి నేను చెప్పక్కర్లేదనుకుంటాను. వలయం చుట్టూ చతురస్రం, దాని మీద ఇంటూ గుర్తు ఉంటే అది వేయకూడని బట్ట అని గుర్తు.

శనివారం సెకండ్ హ్యాండ్ డ్రయర్ చూడ్డానికి వెళ్తే, దాని తలుపు లోపల గానీ వెనక గానీ ఉన్న మోడల్ నంబర్ స్టిక్కర్ ఫోటో తీసి నాకు పంపండి, డబ్బు ఇచ్చేలోపే చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ