కోర్స్ ఎర్రర్ వస్తే కోర్స్ సెట్టింగే తప్పా? అపోహలు – వాస్తవాలు

పోయిన వారం మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు. "అన్నా, మూడ్రోజుల సంది ఇదే లొల్లి. హెడర్లన్నీ పెట్టిన, కోర్స్ ఎర్రర్ పోతలేదు. రేపు ఓనర్‌కు చూపియ్యాలె" అన్నాడు. కోర్స్ (CORS) అంటే, ఒక సైట్‌లోని కోడ్ వేరే అడ్రస్‌లోని సర్వర్ ఇచ్చే జవాబును చదవొచ్చా లేదా అని బ్రౌజర్ చూసే నియమం. ఆ అనుమతిని సర్వర్ తన జవాబుతో పాటు పంపే హెడర్ అనే చిన్న లైన్లలో చెబుతుంది. ఒక రైస్ మిల్లుకు యాప్ చేస్తున్నాడు. ధాన్యం లారీ వచ్చినప్పుడు వేబ్రిడ్జి చిట్టీని ఫోన్‌తో ఫోటో తీసి ఎక్కించాలి. గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. నల్లగొండలో ఉండి ఈ పని చేస్తున్న ఇన్నేళ్లలో ఇలాంటి ఫోన్లు ఎన్ని వచ్చాయో లెక్క లేదు. చాలాసార్లు మూలం ఒకే అపోహ.

అపోహ: కన్సోల్‌లో (బ్రౌజర్ ఎర్రర్లు చూపే చోట) కోర్స్ అని వస్తే కోర్స్ సెట్టింగే తప్పు.

కాదు. ఎక్కువసార్లు కనిపించే ఆ ఎర్ర లైను చెప్పేది ఒక్కటే. వచ్చిన జవాబులో యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్ హెడర్ లేదు, అందుకని బ్రౌజర్ ఆ జవాబును మీ కోడ్ చేతికి ఇవ్వలేదు. హెడర్ ఎందుకు లేదో అది చెప్పదు. మీ యాప్ హెడర్ వేస్తుంది, సరే. రిక్వెస్ట్ యాప్ దాకా రాకుండా ముందున్న ఎన్‌జిన్‌ఎక్సే (nginx, రిక్వెస్ట్‌లను మొదట అందుకునే వెబ్ సర్వర్) జవాబిచ్చేస్తే హెడర్ ఎవరు వేయాలి?

తమ్ముడి దగ్గర జరిగింది అదే. "చిన్న ఫోటోలు ఎక్కుతున్నయన్నా, మిల్లుకాడ తీసినయే ఎక్కుతలేవు" అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో మనం ఏమీ మార్చకపోతే రిక్వెస్ట్ బాడీ, అంటే దానితో పంపే డేటా, 1 ఎంబీ దాటకూడదు. అతని ఫోన్ ఫోటోలు 3, 4 ఎంబీ ఉన్నాయి. అనుమతి అడగడానికి బ్రౌజర్ ముందుగా పంపే ఆప్షన్స్ రిక్వెస్ట్‌కు బాడీ ఉండదు కాబట్టి అది సాఫీగా దాటింది. వెనకాలే ఫోటోతో వెళ్లిన పోస్ట్ రిక్వెస్ట్‌ను ఎన్‌జిన్‌ఎక్స్ 413తో, అంటే డేటా మరీ పెద్దదని, తిప్పి పంపింది. ఆ 413 జవాబుకు హెడర్ లేదు, బ్రౌజర్ కోర్స్ అంది. ఆ పరిమితి పెట్టే క్లయింట్-మ్యాక్స్-బాడీ-సైజ్‌ను 10 ఎంబీకి పెంచి ఎన్‌జిన్‌ఎక్స్ రీలోడ్ చేయగానే ఫోటో ఎక్కింది. పోస్ట్‌మ్యాన్‌లో (బ్రౌజర్ లేకుండా రిక్వెస్ట్‌లు పంపి చూసే టూల్) పనిచేసిందని అతను నమ్మాడు, కానీ అక్కడ పెట్టి చూసింది చిన్న ఫోటో. అదే పెద్ద ఫోటో పెట్టి ఉంటే 413 అక్కడే కనిపించేది.

సర్వర్ వైపు తప్పు జరిగితే వచ్చే 500, 502 అయినా ఇంతే. డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పై యాప్ లేవకపోయినా కన్సోల్‌లో కోర్స్ అనే మాటే చూస్తారు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో యాడ్-హెడర్ రాసినా, చివర ఆల్వేస్ అని చేర్చకపోతే ఎర్రర్ జవాబులకు ఆ హెడర్ పడదు.

అందుకే టెన్షన్ పడి హెడర్లు మార్చకముందు బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. ఆప్షన్స్ దగ్గరే ఆగిందా? 401 (లాగిన్ లేదు) అయితే మీ లాగిన్ చెకింగ్ దాన్ని ఆపుతోంది. ఆప్షన్స్‌తో లాగిన్ టోకెన్ రాదు, దాన్ని టోకెన్ అడగకుండా వదలాలి. 301 (వేరే అడ్రస్‌కు పొమ్మనడం) అయితే హెచ్‌టీటీపీఎస్ బదులు హెచ్‌టీటీపీ అడ్రస్‌కు పంపుతున్నారేమో, చివరి స్లాష్ తేడా ఉందేమో చూసుకోండి. ఆప్షన్స్ దాటి అసలు రిక్వెస్ట్ పడిపోతే సర్వర్ లాగ్ చదవండి. క్రోమ్‌లోనైతే చాలాసార్లు కోర్స్ లైను కిందనే అసలు నంబర్ కూడా ఉంటుంది.

అపోహ: అలౌ-ఆరిజిన్‌లో స్టార్ (*, అంటే ఎవరైనా చదవొచ్చని) పెడితే ఎర్రర్లన్నీ పోతాయి. కుకీలు పంపుతుంటే బ్రౌజర్ స్టార్‌ను ఒప్పుకోదు. అప్పుడు ఎవరో ఒకరు, వచ్చిన ఆరిజిన్‌ను (రిక్వెస్ట్ పంపిన సైట్ అడ్రస్) అట్లే తిరిగి పంపమని, కుకీలను అనుమతించే క్రెడెన్షియల్స్ హెడర్‌ను ట్రూ చేయమని సలహా ఇస్తారు. దయచేసి చేయకండి. కుకీ వెళ్లే పరిస్థితి ఉంటే ఏ సైటైనా మీ యూజర్ డేటా చదవగలదు. మీ సైట్ల పేర్లు మాత్రమే సర్వర్‌లో జాబితాగా రాసుకుని, వచ్చిన ఆరిజిన్ అందులో ఉంటేనే దాన్ని హెడర్‌లో తిరిగి పంపండి.

అపోహ: కోర్స్ ఉంది కాబట్టి సర్వర్ భద్రం. మామూలు ఫారం పోస్ట్‌కు ఆప్షన్స్ వెళ్లదు. రిక్వెస్ట్ సర్వర్‌కు చేరి ఎంట్రీ పడిపోయాక, జవాబు చదవడమే ఆగుతుంది. పోస్ట్‌మ్యాన్, కర్ల్ లాంటి టూల్స్‌కు కోర్స్‌తో సంబంధమే లేదు. భద్రత చూసుకోవాల్సింది మీ సర్వర్ కోడే.

ఫ్రంటెండ్ (బ్రౌజర్‌లో నడిచే కోడ్) రిక్వెస్ట్‌లో పెట్టే నో-కోర్స్ మోడ్ ఎర్రర్‌ను దాస్తుంది, డేటా ఇవ్వదు. ఊరూ పేరూ తెలియని ఉచిత ప్రాక్సీకి (మధ్యలో నిలబడి రిక్వెస్ట్ దాటించే సర్వర్) మీ టోకెన్ అప్పగించకండి. అలౌ-ఆరిజిన్‌ను ఫ్రంటెండ్ రిక్వెస్ట్‌లో పెట్టడం దండుగ, అది సర్వర్ పంపాల్సిన హెడర్. యాప్, ఎన్‌జిన్‌ఎక్స్ రెండూ పంపితే జవాబులో రెండుసార్లు పడి అదీ ఫెయిలే.

చిన్న ప్రాజెక్టులకు వీటిలో ఏదీ అక్కర్లేదు. ఫ్రంటెండ్‌ను, ఏపీఐని (డేటా ఇచ్చే సర్వర్ భాగం) ఒకే ఆరిజిన్ కింద, ఒకే ఎన్‌జిన్‌ఎక్స్ వెనక పెట్టుకోవచ్చు. తమ్ముడితో మర్నాడు అదే చేయించాను. ఇప్పుడు మిల్లు యాప్‌లో ఆప్షన్స్ రిక్వెస్టే వెళ్లడం లేదు.