అతుకుల బొంతలో ఒక మర్రిచెట్టు

పాలమూరు పిల్లలమర్రి దగ్గర తీసుకున్న ఫోటోను డచ్చి చిత్రకారుడు వాన్ గో చిత్రంలా సుళ్లు తిరిగే గీతలతో మార్చి, పదో తరగతి చదివే ఒక అమ్మాయి నాకు చూపించింది. "సార్, ఫోనుకు బొమ్మలు గీసుడు ఎట్ల వచ్చింది?" అని అడిగింది. నల్లగొండలో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న నాకు ఆ ప్రశ్న రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఫోనులోని ఆ యాప్ లోపల ఏం జరుగుతుందో చూసే దారి లేదు కాబట్టి, లోపలి సూత్రమంతా ఎవరైనా చదువుకోగలిగిన గింప్ అనే ఉచిత చిత్ర సాఫ్ట్‌వేర్‌లో, దానికి జోడించుకునే జీ-మిక్ ఫిల్టర్లతో ఈ పని చేసి చూద్దామనుకున్నాను. గింప్ 1996లో అమెరికాలోని బర్క్‌లీ విద్యార్థులిద్దరి చేతుల్లోంచి బయటికి వచ్చింది. జీ-మిక్ 2008 నుంచి ఫ్రాన్స్‌లోని కాఁ నగరపు పరిశోధనాశాలలో తయారవుతోంది. ఒక చిత్రం శైలిని మరో చిత్రానికి ఎక్కించే ఫిల్టర్ అందులోకి 2019లో వచ్చింది. దానిలో కృత్రిమ మేధ అని ఈమధ్య అందరూ పలవరిస్తున్న నాడీజాలాలేవీ (న్యూరల్ నెట్‌వర్కులు) లేవు. ఉన్నదల్లా బొంత కుట్టే విద్య.

ఈ మాట పోలిక కోసం అన్నదే అయినా, ఎంత దూరం లాగినా తెగని పోలిక ఇది. మా అమ్మమ్మ పాత చీరలను చింపి బొంత కుట్టేటప్పుడు ముందుగా నేల మీద ఒక పాత దుప్పటి పరిచేది. ఆ దుప్పటి ఆకారమే బొంత ఆకారం. రంగులూ పువ్వులూ మాత్రం చీరల నుంచి వచ్చేవి. ఫిల్టర్‌కు మనం ఇచ్చే రెండు చిత్రాల సంబంధం సరిగ్గా ఇదే. మర్రిచెట్టు ఫోటో కింద పరిచిన దుప్పటి, శైలి కోసం ఇచ్చిన చిత్రం చింపవలసిన చీర. ఫోటోలో ప్రతి చుక్క (పిక్సెల్) చుట్టూ ఐదు చుక్కల పొడవు, ఐదు చుక్కల వెడల్పు గల చదరాన్ని తీసుకుని, దానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న చదరాన్ని చీరలో వెతికి, తెచ్చి అక్కడ అతకడమే ఫిల్టర్ చేసే పని.

దగ్గర అంటే ఏమిటి? ఒక్కో చుక్కకు ఎరుపు, పచ్చ, నీలం అనే మూడు అంకెలుంటాయి కాబట్టి, ఇరవై ఐదు చుక్కల చదరం అంటే 75 అంకెల వరుస. రెండు వరుసల్లో ఎదురెదురు అంకెల తేడాలను వర్గం చేసి కూడి, వర్గమూలం తీస్తే వచ్చేదే ఆ రెండు ముక్కల మధ్య దూరం. పదో తరగతిలో రెండు బిందువుల మధ్య దూరం కనుక్కునే సూత్రమే ఇక్కడ రెండు అక్షాలకు బదులు డెబ్బై ఐదు అక్షాలతో పనిచేస్తుంది.

కష్టమంతా వెతకడంలోనే ఉంది. ఫోటో, చీర రెండూ 600 చుక్కల వెడల్పు, 400 చుక్కల ఎత్తు ఉన్నాయనుకుంటే ఒక్కోదానిలో 2,40,000 చదరాలుంటాయి. ప్రతి ఫోటో చదరాన్ని ప్రతి చీర చదరంతో పోల్చితే 5,760 కోట్ల పోలికలవుతాయి, ఒక్కో పోలికలో 75 తీసివేతలుంటాయి. ఇంత లెక్క నా పాత ల్యాప్‌టాప్ మోయలేదు. అమ్మమ్మ కూడా ఒక్కో అతుకు కోసం మూటంతా విప్పి వెతికేది కాదు.

2009లో వెలువడిన ప్యాచ్‌మ్యాచ్ అనే పద్ధతి ఈ చిక్కును విప్పిన తీరు నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. మొదట ప్రతి ఫోటో చదరానికీ కళ్లు మూసుకుని చీరలో ఏదో ఒక చోటును అంటగడతారు. ఒక చదరానికి తగలవలసిన ముక్కే తగిలే అవకాశం 2,40,000లో ఒక వంతు, అంటే దాదాపు లేనట్టే. అయితే అలాంటి గుడ్డి ఊహలు ఒకేసారి 2,40,000 జరుగుతున్నాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా సరిపోకుండా పోయే అవకాశాన్ని లెక్కగడితే సుమారు 37 శాతం వస్తుంది; కనీసం ఒక్కటైనా సరిగ్గా తగిలే అవకాశం 63 శాతం. కచ్చితంగా సరిపోకపోయినా దరిదాపుల్లో పడేవి ఇంకెన్నో ఉంటాయి. సంభావ్యతను నాణేలకూ పాచికలకూ కట్టేసి చెప్పే మన తరగతి గదుల్లో ఈ ఒక్క లెక్క చేయిస్తే పిల్లలు ఆ అధ్యాయాన్ని మరిచిపోరని నా నమ్మకం.

ఇక అసలు కిటుకు ఆ తర్వాతిది. ఒక చదరానికి చీరలో సరైన చోటు దొరికిందంటే, దాని కుడిపక్క చదరానికి చీరలో ఆ చోటుకు కుడిపక్కనే సరైన ముక్క ఉండవచ్చు. అంచు పక్కన అంచే వస్తుందని అమ్మమ్మకు తెలిసినట్టే. కాబట్టి ప్రతి చదరం తన ఎడమ పొరుగునూ పై పొరుగునూ "నీకు ఎక్కడ దొరికింది?" అని అడిగి, ఆ పక్క చోటును కొలిచి చూసి, తన దగ్గర ఉన్నదానికంటే మేలైతేనే తీసుకుంటుంది. మరుసటి విడతలో కింది నుంచి పైకి, కుడి నుంచి ఎడమకు ఇదే తంతు. సోది చెప్పే వారి పేరు ఊళ్లలో పాకేది కూడా ఇదే దారిలో: వందల మందికి చెప్పిన మాటల్లో ఒక్కరికి తగిలిన మాట పొరుగు నుంచి పొరుగుకు చేరుతుంది. తేడా ఒక్కటే. అక్కడ పొరుగువారు కొలిచి చూడరు.

పొరుగు మాట ఒక్కటే నమ్ముకుంటే అందరూ ఒకే పొరపాటులో ఇరుక్కోవచ్చు. అందుకని ప్రతి చదరం తనకు దొరికిన చోటు చుట్టూ 600 చుక్కల పరిధిలో ఒకటి, 300లో ఒకటి, 150లో ఒకటి, అలా సగం చేసుకుంటూ ఒక చుక్క పరిధి దాకా పది చోట్లను యాదృచ్ఛికంగా పరీక్షిస్తుంది. పొరుగువి రెండు, ఇవి పది, మొత్తం విడతకు పన్నెండు పోలికలు. ఐదు విడతలకు 60. చిత్రం మొత్తానికి 1 కోటి 44 లక్షలు. 5,760 కోట్లతో పోలిస్తే నాలుగు వేల రెట్లు తక్కువ. ఈ తతంగాన్నంతా మొదట బాగా కుదించిన చిత్రం మీద జరిపి, తర్వాత మెల్లగా పెద్దది చేసుకుంటూ వస్తారు. ఒకదాని మీద ఒకటి ఎక్కిన అతుకుల రంగులను సగటు చేసి కుట్లు కనబడకుండా చేస్తారు.

పరీక్షకు వాన్ గోను వద్దనుకుని, ఇంట్లో ఉన్న తేలియా రుమాలు ఫోటోను చీరగా ఇచ్చాను. పూర్వపు నల్లగొండ జిల్లాలోని పుట్టపాక నేతకారులు నేసే ఈ గుడ్డకు ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే రంగులు. పడుగునూ పేకనూ నేయకముందే కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు కాబట్టి, మగ్గం మీద దారాలు వెంట్రుకవాసి జరిగినా బొమ్మల అంచులు నిలువునా అడ్డంగా ఈకల్లా చెదురుతాయి. మూడు రంగులే ఉన్న మూటతో నీలాకాశాన్నీ పచ్చని ఆకులనూ కుట్టమంటే ఫిల్టర్ ఏం చేస్తుందో చూడాలన్నది నా కుతూహలం. రంగుకు కాక వెలుగునీడలకే ఎక్కువ విలువ ఇచ్చేలా అమర్చగా ఆకాశం తెల్లగా, ఎండ తగిలిన ఆకులు ఎర్రగా, ఊడలు నల్లగా వచ్చాయి. నిలువుగా దిగిన ఊడల అంచులకు రుమాలులోని ఈకల చెదురు అతికిన తీరు చూసి, దారమే లేని చోట నేత పుట్టిందా అనిపించింది.

అయితే ఆకాశం అంతా ఒకే చుక్కల గుర్తుతో నిండిపోయింది. అక్కడి చదరాలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి అన్నీ చీరలోని ఒకే ముక్కకు ఎగబడ్డాయి. వాడిన ముక్కనే మళ్లీ వాడితే జరిమానా వేసే మీట ఒకటి ఈ ఫిల్టర్‌లో ఉంది. దాన్ని పెంచాక ఆకాశంలో వైవిధ్యం వచ్చింది కానీ అక్కడక్కడా మబ్బు లేని చోట మబ్బులాంటి మరకలు పడ్డాయి. చదరాన్ని ఐదు నుంచి పదకొండు చుక్కలకు పెంచినప్పుడు ఇంకో వింత జరిగింది. రుమాలు మీది ఏనుగు తొండం ఒకటి, వెనుక కాళ్లు రెండు, కొమ్మల సందున విడివిడిగా వేలాడాయి. చిన్న చదరంలో ఏనుగు పట్టదు కనుక ఫిల్టర్‌కు అంచులే కనబడ్డాయి. పెద్ద చదరంలో ఏనుగు ముక్కలు పట్టాయి, ఏనుగు మాత్రం దానికి ఎప్పటికీ కనబడదు.

నాడీజాలాలకు కనబడుతుందా అన్న సందేహం ఇక్కడ సహజం. జర్మనీలోని ట్యూబింగెన్‌లో గాటిస్, ఎకర్, బెత్గె అనే పరిశోధకులు 2015లో ప్రకటించిన పద్ధతిలో శైలి అంటే గ్రామ్ మాత్రిక. చిత్రంలో గీతలను, మచ్చలను గుర్తించే 64 జల్లెడలు నాడీజాలపు ఒక పొరలో ఉంటే, ఏ రెండు జల్లెడలు ఎంతగా కలిసి స్పందించాయో చిత్రమంతటి మీద కూడి రాసుకున్న 64 వరుసల, 64 నిలువుల పట్టిక అది. సౌష్ఠవం వల్ల అందులో వేర్వేరు అంకెలు 2,080 మాత్రమే. చిత్రమంతటి మీద కూడినప్పుడే ఏది ఎక్కడ ఉందన్న సమాచారం చెరిగిపోతుంది. కాబట్టి అక్కడ కూడా శైలి వైపు ఏనుగు నిలవదు.

నన్ను ఎక్కువ వేధించింది వంకర కొమ్మల సంగతి. నిలువు ఊడలు అంత అందంగా వచ్చిన బొమ్మలో ఏటవాలు కొమ్మలన్నీ మెట్లు మెట్లుగా విరిగాయి. కారణం తేలడానికి ఒక సాయంత్రం పట్టింది. ఫిల్టర్ ముక్కను ఉన్నది ఉన్నట్టు తెచ్చి అతుకుతుంది తప్ప తిప్పదు. పడుగూ పేకా నిలువు, అడ్డం మాత్రమే కనుక మూటలో ఏటవాలు అంచులే లేవు. రుమాలు ఫోటోను 45 డిగ్రీలు తిప్పి, ఖాళీ మూలలు రాకుండా కత్తిరించి ఇస్తే కొమ్మలు కుదిరాయి, ఈసారి ఊడలు విరిగాయి. చివరికి తిప్పినదాన్నీ తిప్పనిదాన్నీ పక్కపక్కన పెట్టి 1,200 చుక్కల వెడల్పు గల ఒకే చీరగా ఇచ్చాను. మూట రెట్టింపైనా, సగం చేసుకుంటూ వెతికే పద్ధతిలో ప్రతి చదరానికీ విడతకు ఒక్క పోలికే పెరిగింది, పది కాస్తా పదకొండయ్యాయి. అటు ఊడలూ ఇటు కొమ్మలూ రెండూ నిలబడిన ఆ బొమ్మను మరునాడు ఆ అమ్మాయికి చూపిస్తే, చాలాసేపు పరికించి, ఆకాశంలో ఒక మూల 45 డిగ్రీలు ఒరిగి ఉన్న ఏనుగు కాలును పట్టుకుంది.